డెబ్బై నాలుగు డిగ్రీలు

కృపాకర్‌కి చప్పుడంటే పడదు. ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమంటే దాని కాలి కింద అట్టముక్క పెట్టి, చెవి ఆనించి విని, తీసి, ఇంకో మందం అట్టముక్క పెట్టే రకం. అలాంటి మనిషికి ప్రాసెసర్లను చల్లబరిచే ఉద్యోగమే దొరకడం అదృష్టమో, ఖర్మో చెప్పలేం. కాజీపేట దగ్గర అతను పనిచేసే ల్యాబులో ఎవరి కంప్యూటరు ఫ్యాను గోల పెట్టినా ముందు అతన్నే పిలిచేవారు. "ఫ్యాన్ల డాక్టరుగారు వేంచేశారు, లేవండి లేవండి" అని ఆటపట్టిస్తూ కుర్చీ ఇచ్చేవారు. పైకి విసుక్కున్నా అతనికి ఆ పేరు ఇష్టమే.

కొత్తగా చేరినవాళ్లకు అతను మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. "పని లేకుండా ఏ చిప్పూ వేడెక్కదు. ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తూ వేడెక్కుతోందంటే, మీకు తెలియని పనేదో లోపల చేస్తోందన్నమాట. ఆ పనేంటో కనుక్కోకుండా ఫ్యాను జోలికి వెళ్లారంటే మీరు ఇంజినీర్లే కాదు." ఈ మాట అతను తక్కువలో తక్కువ యాభైమందికి చెప్పి ఉంటాడు. చెప్పినప్పుడల్లా చూపుడువేలు కూడా ఆడించేవాడు. ఇప్పుడా వేలు గుర్తొస్తే చాలు, తల ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియదు.

ఆ ల్యాబులో తయారైన వస్తువు పేరు పలుకుపెట్టె. పక్షవాతంతో మాట పోయిన మనిషి తలకు వలలాంటి సన్నటి టోపీ తొడుగుతారు. మంచం పక్కన చెప్పుల డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటుంది. మాట్లాడాలని మనిషి అనుకోగానే మెదడులో పుట్టే అలను టోపీ పట్టుకుంటుంది. పెట్టెలో ఉన్న ప్రాసెసర్ ఆ అలను మాటగా మార్చి చిన్న స్పీకర్లో పలుకుతుంది. మనిషి ఊరుకుంటే పెట్టె కూడా ఊరుకుంటుంది. ప్రాసెసర్ వేగం నాలుగువందల మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది, వేడి నలభై డిగ్రీలకు దిగుతుంది, ఫ్యాను ఆగిపోతుంది. మళ్లీ మాట మొదలైతే వేగం పదింతలవుతుంది, ఫ్యాను లేస్తుంది. దీన్ని ఇరవై ఇళ్లలో పరీక్షకు పెట్టారు. పందొమ్మిది ఇళ్లలో అది బుద్ధిగా నడుచుకుంది.

ఇరవయ్యోది హన్మకొండలో సాంబయ్య ఇల్లు.

సాంబయ్య గడియారాలు బాగుచేస్తాడు. ఆయన భార్య స్వరూప ఇరవై ఏడేళ్లు బస్సు కండక్టరుగా చేసింది. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి కేకేస్తే ముందున్న డ్రైవరు ఉలిక్కిపడేంత గొంతు ఆమెది. పోయిన ఏడాది కుడిపక్క పడిపోయి, ఆ గొంతు కాస్తా పోయింది. సాంబయ్య చౌరస్తాలో దుకాణం ఖాళీ చేసి, పనిబల్ల తెచ్చి ఆమె మంచం పక్కనే వేసుకున్నాడు. బాగుచేయాల్సిన గోడగడియారాలు పదీ పన్నెండు ఆ గది గోడలకే వేలాడుతుంటాయి.

పలుకుపెట్టె వచ్చిన మూణ్నెల్లకు ఆయన ల్యాబుకి ఫోన్ చేశాడు. చప్పుడు గురించి ఫిర్యాదు కాబట్టి ఇంకెవర్ని పంపుతారు, కృపాకర్‌నే పంపారు.

"ఇగో సారూ, ఇదీ నా బాధ" అని సాంబయ్య ఒక గడియారం వెనక మూత తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "గడియారం మంచిగున్నదా లేదా కండ్లతోటి గాదు, చెవులతోటి చూడాలె. టిక్కుకూ టాకుకూ నడుమ సమానం ఉన్నదా అని ఇనాలె. గీ పెట్టె పొద్దుగాల ఎనిమిదింటికి మొదలువెడ్తే పొద్దుగూకేదాక బుయ్యిమంటనే ఉంటది. నాకు ఒక్క టిక్కు ఇనవడ్తలేదు."

"అమ్మ మంచిగ మాట్లాడ్తుందా కాకా?" అని అడిగాడు కృపాకర్. అతనిది జనగామ. ల్యాబులో ఎలా మాట్లాడినా ఇలాంటి ఇళ్లలోకి వస్తే సొంత యాస దానంతటదే వచ్చేస్తుంది.

"ఎక్కడ మాట్లాడ్తది? దినాం పది పన్నెండు ముక్కలు. నీళ్లు, చాయ్, ఉక్కవోస్తుంది. గంతే. గీ మాత్రం దానికి గింత లొల్లా?"

స్వరూప కళ్లు మూసుకుని పడుకుని ఉంది. పెదవి కూడా కదలడం లేదు. కృపాకర్ తన ల్యాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించి చూశాడు. వేగం మూడువేల ఎనిమిదివందలు. వేడి డెబ్బై నాలుగు డిగ్రీలు. ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న మనిషి పక్కన ఇంత వేడేమిటో అతనికి అంతుపట్టలేదు. మూత విప్పి దుమ్ము ఊదాడు. చిప్పు మీద వేడిని లాగే పాత పూత గీకేసి కొత్తది రాశాడు. రెండు డిగ్రీలు తగ్గింది, పది నిమిషాల్లో మళ్లీ ఎక్కింది.

టోపీ నుంచి ఒక సన్నటి అల ఆగకుండా వస్తోంది. మాట్లాడదలచుకున్న మనిషి అల నిట్టనిలువుగా లేస్తుంది. ఇది అలా లేవడం లేదు, నేల మీద పారబోసిన నీళ్లలా అడుగున పాకుతోంది. తలనూనె వల్ల కావచ్చు, చెమట వల్ల కావచ్చు, పక్కింటి నీళ్ల మోటారు వల్ల కావచ్చు అనుకున్నాడు. తేల్చుకోవాలంటే ఆ అలను ల్యాబుకి పట్టుకెళ్లి కనీసం వారం కూర్చోవాలి. ఆ రోజు శనివారం. మధ్యాహ్నం కూతురి స్కూల్లో పాటల పోటీ ఉంది. పైగా సాంబయ్య చేతిలో గడియారంతో అతని ముఖంలోకే చూస్తున్నాడు.

కృపాకర్ నాలుగు వరుసల ఆదేశం రాశాడు. ఇంత ఎత్తుకు లోపలున్న ఏ అలనూ పట్టించుకోవద్దని దాని సారాంశం. పని ఏదో కనుక్కోలేదు, పని చేయవద్దని చిప్పుకి చెప్పాడు, అంతే.

ఫ్యాను నెమ్మదించి, ఒకసారి కీచుమని, ఆగిపోయింది. వేగం నాలుగువందలు, వేడి నలభై ఒకటి. గోడల మీది గడియారాలన్నీ ఒక్కసారిగా వినబడ్డాయి. సాంబయ్య ముఖం చేటంత అయింది.

"అబ్బ! పానం లేసొచ్చినట్టున్నది సారూ. గీ లొల్లి ఎప్పుడు బందైతదిరా దేవుడా అని మూణ్నెల్ల సంది మొత్తుకుంటున్న."

స్వరూప కళ్లు తెరిచింది. పెట్టె వైపు చూసింది, భర్త వైపు చూసింది, తరువాత కృపాకర్ వైపు చూసింది. బాగున్న ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద గబగబా కొట్టుకున్నాయి. ఆమె తనకు కృతజ్ఞత చెబుతోందనుకున్నాడు కృపాకర్. రెండు చేతులూ జోడించి నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ఆ తరువాత తెర మీది అంకెలను ఫోన్లో ఫోటో తీసి ల్యాబు గ్రూపులో పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. రిపోర్టులో ఒకే వాక్యం రాశాడు: 'చప్పుడు సమస్య తీరింది, చిన్న సాఫ్ట్‌వేర్ సవరణ.' సాంబయ్య ఇచ్చిన చాయ్ తాగి, పాటల పోటీకి వేళకే చేరుకున్నాడు.

మరో మూణ్నెల్లు గడిచాక ఒక సోమవారం అనసూయ మేడం అతన్ని పిలిచింది. పలుకుపెట్టెను తలపెట్టింది ఆవిడే. ముక్కుసూటి మనిషి, కానీ ఆ రోజు ఆవిడ గొంతులో కూడా ఉత్సాహం లేదు.

"హన్మకొండ స్వరూపగారి లెక్క చూశారా? రోజుకి పన్నెండు మాటల దగ్గర్నుంచి తొమ్మిదయింది, నాలుగయింది. రెండు నెలలుగా సున్నా. మెదడు ఇంకా దెబ్బతిన్నదంటున్నారు డాక్టర్లు. ఆ మాట వాళ్లింట్లో కూడా చెప్పేశారట. మన దగ్గరున్నవి ఇరవై పెట్టెలే, ఎదురుచూసేవాళ్లు నలభైమంది. బుధవారం వెళ్లి తెచ్చేయండి."

"పెట్టెలో ఏమైనా లోపం ఉందేమో మేడం..."

"మీ పెట్టె తప్పేం లేదులెండి. ఇరవైలోకీ చల్లగా, నిశ్శబ్దంగా ఉన్నది అదే."

ఆవిడ ఓదార్పుగానే అంది. కృపాకర్‌కి మాత్రం ఆ శనివారం గుర్తొచ్చింది. అతను రాసిన నాలుగు వరుసల సంగతి ఆవిడకు తెలియదు. ఎవరికీ తెలియదు.

ప్రతి పెట్టె కూడా టోపీ పంపిన అలలన్నిటినీ దాచుకుంటుంది. అతను తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఫ్యాను ఆగిన ఆ శనివారం మధ్యాహ్నం వరకూ వచ్చిన సన్నటి అలను బయటికి తీశాడు. పక్కనే ఫ్యాను వేగం గీతను కూడా పెట్టి చూశాడు. అల కొంచెం పెరిగితే ఫ్యాను పెరిగింది. అల ఆగితే ఫ్యాను తగ్గింది. ఫ్యాను పూర్తిగా తగ్గేదాకా అల ఆగి, అప్పుడు మళ్లీ మొదలైంది. పక్కింటి మోటారు ఫ్యాను తగ్గేదాకా ఆగదు. తలనూనె అసలే ఆగదు. అంటే చప్పుడు వింటూ ఎవరో కావాలని చేస్తున్న పని ఇది.

ఆ అలనంతా ల్యాబులోని పెద్ద యంత్రానికి ఇచ్చాడు. అది రాత్రంతా నమిలి మంగళవారం మధ్యాహ్నానికి మాటలు పైకి తేవడం మొదలుపెట్టింది. మిగతా పందొమ్మిదిమంది లోపల్లోపల గట్టిగా మాట్లాడగలరు. స్వరూపకు గట్టిగా అనుకునే చోటే దెబ్బతింది. ఏదో నీళ్లనీ, చాయ్ అనీ అనడానికే ఆమె రోజంతటి బలం కూడదీసుకోవాల్సి వచ్చేది. మిగతాదంతా గుసగుస. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆగని గుసగుస. పెట్టె దాన్ని నేర్చుకుంటోంది. పూర్తిగా నమ్మకం కుదిరేదాకా స్పీకర్లో పలకకూడదు కాబట్టి బయటికి ఏమీ రాలేదు. ఇంకో పది పదిహేను రోజులు ఓపిక పట్టి ఉంటే వచ్చేది. డెబ్బై నాలుగు డిగ్రీలంటే అదీ. ఆమె మాట్లాడుతున్న వేడి.

తెర మీద ముక్కలు ముక్కలుగా పడుతున్నాయి.

'ఇంటున్నవా పెట్టే. ఆఁ ఇంటున్నవ్. తిరుగుతున్నవ్ గద.'

'గా తలుపు పక్క గడియారం ఎనుకవడ్తున్నది. ఈయనకు ఎవలన్న చెప్పుండ్రి.'

'ఈయన అన్నం తినలే. పొద్దు ఎక్కింది. తినలే.'

చివరి ముక్క శనివారానిది. పన్నెండు గంటల పది నిమిషాలు.

'బంద్ చెయ్యకు సారూ. అది నేనే. నేనే మాట్లాడ్తున్న.'

కృపాకర్ ఫోన్ తీసి చూశాడు. తను గ్రూపులో పెట్టిన ఫోటో పన్నెండూ పదకొండుది. దాని కింద చప్పట్ల బొమ్మలు ఇంకా అలాగే ఉన్నాయి.

అప్పుడతను చేసిన మొదటి పని తలెత్తి, అద్దం తలుపులోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని చూడడం. రెండో పని తెర ఆపేయడం. ఏడుపు ఆ తరువాతే వచ్చింది. ఏడ్చే ముందు తన పరువు చూసుకున్నానని తెలిసి ఇంకాస్త సిగ్గేసింది.

ఆ సాయంత్రానికి ఒక ఉపాయం కూడా ఆలోచించాడు. పెద్ద యంత్రం నేర్చిందంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవాలి. పెట్టె తేవడానికి వెళ్లినట్టే వెళ్లి, నాలుగు వరుసలూ చెరిపేసి, ఇదంతా పెట్టెలోకి పంపాలి. ఆమె మాట్లాడగానే, 'ఏదో వైరు వదులైంది కాకా' అని చెప్పాలి. అందరూ సంతోషిస్తారు, తన తప్పు ఎవరికీ తెలియదు. ఇలా అనుకున్నాక అతనికి అన్నం కూడా సహించింది.

బుధవారం పదకొండింటికి వెళ్లేసరికి సాంబయ్య పెట్టెను తడిగుడ్డతో తుడిచి, కొత్త తువ్వాలు పరిచి దాని మీద పెట్టి ఉంచాడు.

"తీస్కపోండ్రి సారూ. ఇంకొకలకన్న పనికొస్తది. మా దానికి ఇగ మెదడే పనిచేస్తలేదని చెప్పిండ్రు."

ఆ మాట ఆమెకు రెండడుగుల దూరంలోనే అన్నాడు. స్వరూప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైంది.

"ఒక్కపారి పెట్టి చూసి తీస్కపోత కాకా" అని కృపాకర్ టోపీ తొడిగాడు. ఆమె తల అటు తిప్పలేదు, ఇటు తిప్పలేదు. నాలుగు వరుసలూ చెరిపేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా ఎక్కించాడు. తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

నాలుగువందలు. నలభై ఒక డిగ్రీలు.

పావుగంటయింది. అరగంటయింది. నాలుగువందలు, నలభై ఒకటి. చిప్పు నిజంగానే ఖాళీగా ఉంది. ఈసారి అడ్డం ఏమీ లేదు, అడ్డం తీసేసినా అవతల నుంచి వచ్చేది ఏమీ లేదు.

కృపాకర్‌కి అప్పుడు అర్థమైంది. ఫ్యాను తిరిగితే పెట్టె తన మాట వింటోందని ఆమెకు గుర్తు. ఆ ఫ్యాను ఆగిపోయింది, ఆగగానే మొగుడు దేవుడికి దండం పెట్టినంత పని చేశాడు, వచ్చిన సారు నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ఆమె ఇంకేమనుకోవాలి? తన మాట వీళ్లకు రోతైందనుకుంది. నోరు కట్టేసుకుంది. వైరు వదులైందని చెబితే సాంబయ్య నమ్ముతాడు, అనసూయ మేడం నమ్ముతుంది. కానీ మాట్లాడాల్సింది ఆమె. జరిగింది జరిగినట్టు ఆమెకు చెబితే తప్ప, ఆమె మళ్లీ ప్రయత్నించదు.

చెప్పకుండా వెళ్లిపోయే దారి కూడా తెరిచే ఉంది. సాంబయ్య స్వయంగా వంగి, "వైరు చుట్టియ్యాల్నా సారూ?" అంటున్నాడు. ఊఁ అంటే చాలు. ఊఁ అన్నది అతని గొంతుదాకా వచ్చింది కూడా.

"ఆగు కాకా" అని ల్యాప్‌టాప్‌తో సహా లేచి, మంచం అవతలి పక్కకు వెళ్లి, గోడకూ మంచానికీ నడుమ ఆమెకు కనబడేట్టు కింద కూర్చున్నాడు.

"అమ్మా. పెట్టె చెడిపోలే. నీ మెదడు చెడిపోలే. నేను మూసేసిన. ఆ రోజు నువ్వు మాట్లాడ్తనే ఉన్నవ్. మెల్లగ మాట్లాడే మాటలు ఇనొద్దని నేనే దీనికి చెప్పిన. బంద్ చెయ్యకు సారూ అన్నవ్. అది నాకు నిన్న తెలిసింది. నిన్న తెలిసినా, ఇయ్యాల గూడ ఎవలకు చెప్పకుంట సర్ది పోదామని వచ్చిన."

చివరి మాట చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

సాంబయ్య చేతిలో వైరు అలాగే ఉంది. "ఏమంటున్నవ్ సారూ? గా చప్పుడు..."

"అమ్మ మాట్లాడిన చప్పుడే కాకా అది. పొద్దంత నీతోటే మాట్లాడింది. అన్నం తినలేవని, తలుపు పక్క గడియారం ఎనుకవడ్తున్నదని."

సాంబయ్య తలుపు పక్కకు చూశాడు. ఆ గడియారం ఆలస్యమవుతోందని ఆయన పోయిన నెలలో గానీ కనిపెట్టలేదు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండునని కృపాకర్ అనుకున్నాడు. ఆయన చేతిలోని వైరు బల్ల మీద పెట్టాడు. తరువాత వెళ్లి ఆ గడియారం లోలకాన్ని రెండు వేళ్లతో పట్టి ఆపాడు. పక్కదాన్ని ఆపాడు. దాని పక్కదాన్ని ఆపాడు. గోడలన్నీ తిరిగి ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చి, మంచం మీద కూర్చున్నాడు.

"ఇగ ఏ చప్పుడు లేదు, చూడు. నేనే బంద్ చేపిచ్చిన స్వరూపా. నీ తోడు, గా చప్పుడు నువ్వని నాకు తెల్వదే. గంత లొల్లి అనుకున్న. నన్ను తిట్టు. ఏమన్న అను. మాట్లాడే..."

గదిలో ఆయన ఎగశ్వాస ఒక్కటే వినబడుతోంది. కృపాకర్ కింద కూర్చునే తెర వైపు చూశాడు. నాలుగువందలు. నాలుగువందలు. ఏడువందలు. మళ్లీ నాలుగువందలు. పన్నెండువందలు. రెండువేలు. మూడువేల ఎనిమిదివందలు. వేడి నలభై ఎనిమిది, యాభై ఐదు, అరవై రెండు. ఫ్యాను కదిలింది.

ఆ చప్పుడు వినగానే స్వరూప కనుకొలకుల్లోంచి నీళ్లు దిండు మీదకి కారాయి. తల మెల్లగా ఇటు తిప్పింది.

"మల్ల చెప్పు" అంది స్పీకరు.

సాంబయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చెప్తనే, ఎన్నిసార్లంటె అన్నిసార్లు చెప్త..."

"నువ్వు గాదు. సారు."

కృపాకర్ లేచి నిలబడ్డాడు. "అమ్మా, నేనే..." అని మొదలుపెట్టాడు.

"నాకు గాదు. నాకు ఇనవడ్డది." మాటకూ మాటకూ నడుమ పెట్టె ఆయాసపడుతోంది. "వాడకట్టంత తెలిసింది. స్వరూపకు మెదడు వోయిందట. వచ్చి చూసి పోయిండ్రు. పాపం అన్నరు. నేను ఇన్న. తలుపు తియ్యి. వాళ్లకు చెప్పు. గట్టిగ."

సాంబయ్య వెళ్లి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాడు. ఎదురింటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు చింతకాయలు కొడుతున్నారు. కుళాయి దగ్గర బిందెలతో ఇంకో నలుగురున్నారు. కృపాకర్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తనను చూసి వాళ్లు నవ్వుతారా, ఉమ్మేస్తారా తెలియదు. రేపు ల్యాబులో ఏమవుతుందో అంతకన్నా తెలియదు. వెనక పెట్టె డెబ్బై నాలుగు దాటి ఉంటుంది, ఫ్యాను పూర్తి వేగంతో హోరెత్తుతోంది. మామూలు గొంతుతో చెబితే అరుగు దాకా కూడా వినబడదు.

"ఈమె మాట్లాడ్తనే ఉండె!" అని అరిచాడు కృపాకర్. "నేనే ఇననియ్యలే!"

చింతకాయలు కొట్టే చేతులు ఆగిపోయాయి. కుళాయి దగ్గరి వాళ్లు ఏమిటన్నట్టు చూశారు. ఈసారి స్వరూప అడగలేదు. అతనే ఇంకో అడుగు వీధిలోకి వేసి, మళ్లీ మొదటినుంచి అరిచాడు.